లారీకి ఫీడ్ పంపు: కొనేముందు, బిగించేముందు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన పెద్దలు పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి ఎంతో చక్కగా చెప్పారు. మేము మాత్రం పిడికిలంత వుండే ఒక యినుప వస్తువు గురించి మాట్లాడబోతున్నాము. దాని పేరు ఫీడ్ పంపు. కొందరు లిఫ్ట్ పంపు అంటారు. యిలాంటి సభలో యిదేమి విషయం అని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని ఒక్క మాట ఆలోచించండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, యీ మూడు ఊళ్ళలోను మన వాళ్ళ ఇళ్ళు ఎన్నో లారీ చక్రాల మీదనే నడుస్తున్నాయి. ఒకరు ఓనరు, ఒకరు డ్రైవరు, ఒకరు మెకానిక్, ఒకరు స్పేర్ పార్టుల అంగడి పెట్టుకున్నవారు. హిందూపురం బెల్లం, చింతపండు, ఎండుమిరప, ధర్మవరం పట్టు, 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ పని మొదలుపెట్టిన తరువాత దాని చుట్టూ పెరిగిన రవాణా, అంతా డీజిల్ మీదనే కదులుతున్నది. లారీ రోడ్డు మీద నిలిచిపోవచ్చు గాని, ఫైనాన్సు కంతు మాత్రం నిలవదు గదా! అందుకే అక్కచెల్లెళ్ళు కూడా యీ మాటలు వినాలని మా మనవి. కంతు కట్టే డబ్బు ఇంటి డబ్బే.

ముందుగా యీ పంపు చేసే పని ఏమిటో చూద్దాము. లారీలో డీజిల్ ట్యాంకు ఒక పక్క వుంటుంది, ఇంజను ఇంకో పక్క వుంటుంది. ట్యాంకులోని డీజిల్‌ను లాగి, ఫిల్టర్ గుండా తోసి, పెద్ద పంపుకు అందించేది యీ చిన్న పంపు. పెద్ద పంపు అంటే ఇంజెక్షన్ పంపు, మనవాళ్ళు డీజిల్ పంపు అనేది. అది నాజిల్‌కు ఎంతో ఒత్తిడితో డీజిల్ కొడుతుంది. పాత ఇంజన్లలో నాజిల్ తెరుచుకోవడానికే సుమారు 200 బార్ ఒత్తిడి కావాలి. చిన్న పంపు ఒత్తిడి మాత్రం చాలా తక్కువ, సాధారణంగా 1 నుంచి 2.5 బార్. ఆ తక్కువ ఒత్తిడి సరిగా అందకపోతే పెద్ద పంపు ఎంత మంచిదయినా ఏమీ చేయలేదు. బావిలో నీళ్ళు తోడి ఇచ్చే మనిషి చేయి ఆపితే, తొట్టి దగ్గర నిలబడినవాడు ఎంత బలవంతుడయితే ఏమి లాభం?

యీ డీజిల్ పంపులను జర్మనీలో బాష్ కంపెనీ 1927లో వరుసగా తయారు చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. దానినే మనవాళ్ళు మైకో అన్నారు. 2008లో దాని పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. అయినా మన షెడ్డుల్లో పాత ఉస్తాదులు ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు. బెంగళూరు హిందూపురానికి సుమారు వంద కిలోమీటర్ల దూరమే కాబట్టి మన ప్రాంతానికి అసలు సామాను దొరకడం కష్టం కాదు. అదే దారిలో నకిలీ సామాను కూడా రావచ్చు. ఆ సంగతి తరువాత చెప్పుకుందాము.

పాత లారీల్లో ఎక్కువగా కనిపించే ఫీడ్ పంపులు రెండు రకాలు. మొదటిది డీజిల్ పంపు పక్కనే బిగించి వుండే ప్లంజరు రకం. డీజిల్ పంపు లోపల తిరిగే షాఫ్టు దీని ప్లంజరును నెడుతుంది, స్ప్రింగు వెనక్కి తోస్తుంది. అట్లా వెనక్కి తోసేటప్పుడే డీజిల్ ఫిల్టర్ వైపు పోతుంది. అంటే ఒత్తిడి ఎంత వుండాలో నిర్ణయించేది ఆ స్ప్రింగు. ఫిల్టర్ వైపు ఒత్తిడి నిండితే ప్లంజరు తనంతట తానే తక్కువ దూరం కదులుతుంది. యీ సంగతి గుర్తు పెట్టుకోండి, కొనేటప్పుడు పనికి వస్తుంది. రెండవది ఇంజను బ్లాకుకు బిగించిన డయాఫ్రం రకం. అందులో ఒక లివరు, లోపల ఒక రబ్బరు గుడ్డ లాంటి పొర వుంటాయి. రెండు రకాల్లోను చేత్తో కొట్టే ఏర్పాటు వుంటుంది. దానినే ప్రైమర్ అంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. లారీ పికప్ లేదు, మెరక ఎక్కేటప్పుడు గుంజడం లేదు, పొద్దున స్టార్టు కావడం లేదు అనగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఏమిటి? ఫీడ్ పంపు మార్చేయ్ అనడం. తప్పు పంపుదేనా అని చూసేవారు తక్కువ. కొత్త పంపు బిగించిన తరువాత కూడా అదే జబ్బు వుంటే అప్పుడు ఓనరు మెకానిక్‌ను, మెకానిక్ అంగడివానిని, అందరూ కలిసి డ్రైవరును అంటారు. ఒక్కోసారి డ్రైవరు బత్తాలో కోత కూడా పడుతుంది. కాబట్టి పంపు కొనడానికి ముందు ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, వరుసగా యీ ఆరు చూడండి.

ఒకటి. ట్యాంకు మూత తెరిచి చూడండి. మూతలో గాలి పోయే రంధ్రం మూసుకుపోతే, డీజిల్ ఖాళీ అయ్యే కొద్దీ ట్యాంకులోకి గాలి రాక లాగడం కష్టమవుతుంది. మూత తెరవగానే బుస్సుమని గాలి లోపలికి పోతే జబ్బు అక్కడే వున్నది. మన రోడ్ల దుమ్ము సంగతి మీకు తెలియనిది కాదు.

రెండు. ట్యాంకులో వుండే జాలీ, పంపు దగ్గర గిన్నెలో వుండే జాలీ కడిగి చూడండి.

మూడు. ట్యాంకు నుంచి పంపు దాకా వుండే పైపు చూడండి. ఇక్కడ డీజిల్ బయటికి కారకపోయినా గాలి లోపలికి పోవచ్చు. రాగి వాషరు పాతబడినా, రబ్బరు పైపు పగిలినా గాలి పడుతుంది. రబ్బరు పైపు లోపలి పొర వూడి ముడుచుకుపోతే పైనుంచి ఏమీ కనిపించదు.

నాలుగు. ఫిల్టర్. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కంపెనీ పుస్తకంలో వుంటుంది. ఎప్పుడు మార్చారో రాసి పెట్టుకోండి.

ఐదు. ఫిల్టర్ దగ్గర ఎయిర్ స్క్రూ వదులు చేసి ప్రైమర్ కొట్టండి. నురుగు, బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి ఎక్కడనో పడుతున్నది. బుడగ లేకుండా గట్టిగా ధార వస్తే, చేత్తో కొట్టినంతవరకు దారి బాగున్నట్లే.

ఆరు. మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు వెనక్కి పంపే ఓవర్‌ఫ్లో వాల్వు చూడండి. ఇంజను కాల్చే దానికన్నా ఎక్కువ డీజిల్‌ను ఫీడ్ పంపు అందిస్తుంది. ఎక్కువైనది వెనక్కి పోతూ వేడిని, గాలిని తీసుకుపోతుంది. ఆ వాల్వు సరిగా మూసుకోకపోతే ఒత్తిడి నిలవదు. పంపు కొత్తదయినా లాభం వుండదు.

యీ ఆరు సరిగా వున్నాయి, ఫిల్టర్ దగ్గర గేజి పెట్టి చూస్తే ఒత్తిడి మాత్రం తక్కువ వున్నది అంటే, అప్పుడు పంపును అనుమానించండి. గేజిని లారీ నిలబెట్టి మాత్రమే చూస్తే చాలదు. ఖాళీ లారీ ఊళ్ళో బాగానే తిరుగుతుంది. లోడు వేసుకొని చెన్నై నుంచి తిరిగి వచ్చే దారిలో మొగిలి ఘాటు ఎక్కేటప్పుడు, ఇంజను ఎక్కువ డీజిల్ అడిగినప్పుడు, అసలు సంగతి బయటపడుతుంది.

అయితే ఒక్క జబ్బు విషయంలో మాత్రం ఆలోచనకు సమయం లేదు. ఇంజను ఆయిల్ పోయకుండానే ఆయిల్ మట్టం పెరిగితే, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తే, ఆ లారీని ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు. డయాఫ్రం చినిగినా, ప్లంజరు పంపులో నెట్టే కడ్డీ అరిగినా డీజిల్ ఇంజను ఆయిల్‌లో కలిసే దారి వున్నది. ఆయిల్ పెరిగింది గదా, మంచిదే అనుకునేవారు వున్నారు. పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడదు. బేరింగు పోతే క్రాంకు పోతుంది, క్రాంకు పోతే ఆ ఇంటి ఆదాయం నెలల తరబడి ఆగిపోతుంది. కొద్ది ఖర్చుతో పోయేది ఇంజను ఖర్చుగా మారుతుంది. పంపు మార్చిన తరువాత ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కూడా తప్పకుండా మార్చాలి. పొద్దున లారీ ఎక్కేముందు ఆయిల్ చూసుకొనే అలవాటు వున్న డ్రైవరు, ఓనరు ఇంటికి అన్నం పెట్టినవాడు. అట్లాంటివానికి ఒక మంచి మాట చెప్పండి.

సరే, పంపు కొనక తప్పదు అని తేలింది. అంగడికి పోతే నాలుగు రకాల సామాను కనిపిస్తుంది. లారీ కంపెనీ పేరు మీద వచ్చేది ఒకటి. వేరే కంపెనీ తన సొంత పేరుతో, బిల్లు ఇచ్చి, హామీ ఇచ్చి అమ్మేది రెండవది. పాత పంపునే విప్పి కొత్త కిట్టు వేసి ఇచ్చేది మూడవది. పెద్ద కంపెనీ పేరు అచ్చు కొట్టి, ఆ కంపెనీకే తెలియకుండా అమ్మేది నాలుగవది. యీ నాలుగింటిలో మొదటి మూడింటిని తప్పు పట్టవలసిన పని లేదు. పదిహేనేళ్ళ లారీకి అన్నీ కంపెనీ సామానే వేయమనడం మధ్యతరగతి వాళ్ళకు అయ్యే పని కాదు. వేరే కంపెనీ పంపు కొనడం నేరం కాదు, సిగ్గూ కాదు. నాలుగవ దానిని మాత్రం చేత్తో తాకవద్దు.

ఎట్లా ఎంచుకోవాలి అంటారా? మేము చెప్పే పద్ధతి యిది.

పాత పంపు మీద, లేదా దాని రేకు మీద నంబరు వుంటుంది. ఆ నంబరుతో కొనండి. అదే రకం లారీ అన్నా, చూడడానికి అట్లానే వుంది అన్నా నమ్మవద్దు. మూడు బోల్టుల రంధ్రాలు సరిపోయినంత మాత్రాన ప్లంజరు లావు, అది కదిలే దూరం, స్ప్రింగు బలం సరిపోయినట్లు కాదు. స్ప్రింగే ఒత్తిడిని నిర్ణయిస్తుందని ఇంతకు ముందే చెప్పుకున్నాము. నంబరు అరిగిపోయి కనబడకపోతే, డీజిల్ పంపు మీద వుండే నంబరు, ఇంజను నంబరు రాసుకొని పోండి.

అంగట్లోనే చేత్తో చూడండి. డీజిల్ వచ్చే రంధ్రం మీద వేలు పెట్టి ప్రైమర్ కొడితే వేలును పట్టి లాగాలి. వదిలిన వెంటనే పట్టు పోతే లోపల వాల్వు సరిగా కూర్చోలేదు. పోత మీద గరుకులు, లోపల ఇసుక, యినుప రజను లేకుండా చూడండి. ఆ రజను పెద్ద పంపులోకి పోతే అసలుకే మోసం వస్తుంది.

పెట్టె మీద ముద్ర, కోడ్ వుంటే ఫోనుతో చూసి సరిపోల్చండి. అయితే పెట్టె అసలుది, లోపలి సామాను నకిలీది కూడా కావచ్చు. అందుకే మీ దగ్గర ఖాళీ అయిన పెట్టెను చించి పారేయండి. పనికిరాని పాత పంపును పాత సామానుకు వేసేముందు సుత్తితో పగలగొట్టి వేయండి. మన పెట్టె, మన పాత పంపు తిరిగి ఇంకొకరి లారీకి కొత్త పంపుగా పోకూడదు.

కిట్టు వేయించాలనుకుంటే, ప్లంజరు కదిలే గూడు గీతలు పడలేదని మొదట చూసుకోండి. గూడు అరిగిన పంపుకు కొత్త వాషర్లు, కొత్త స్ప్రింగు వేయడం వృథా. గూడు బాగుంటే మాత్రం మంచి కిట్టు మంచి పనే చేస్తుంది. డబ్బు ఆదా.

ఎక్కువ ఒత్తిడి పంపు వేస్తే ఎక్కువ బలం వస్తుందని కొందరికి ఒక భ్రమ. రాదు. ఎంత డీజిల్ కాలాలో పెద్ద పంపు చూసుకుంటుంది. చిన్న పంపు కొలత ప్రకారం అందిస్తే చాలు. కొలతకు మించితే సీళ్ళు కారతాయి. తగ్గితే పెద్ద పంపు ఎండుతుంది. యీ రెండవ దానికి అమెరికాలో మంచి ఉదాహరణ వున్నది. 1998 నుంచి 2002 దాకా అక్కడ వచ్చిన డాడ్జ్ రామ్ అనే పికప్ బండ్లలో కమిన్స్ డీజిల్ ఇంజను వుండేది. దానికి బాష్ వారి వి.పి. 44 అనే పెద్ద పంపు, కరెంటుతో నడిచే చిన్న లిఫ్ట్ పంపు వుండేవి. పెద్ద పంపుకు చల్లదనం, జిడ్డు రెండూ డీజిలే. చిన్న పంపు నీరసించినా బండి నడుస్తూనే వుండడంతో యజమానులకు తెలియలేదు. తెలిసేసరికి పెద్ద పంపు పోయేది. అప్పుడు చాలామంది వేరే కంపెనీల లిఫ్ట్ పంపులు కొని ట్యాంకు దగ్గర బిగించుకున్నారు, కేబిన్‌లో ఒత్తిడి చూపే గేజి పెట్టుకున్నారు. ఆ పంపు తెచ్చి మన లారీకి పెట్టమని చెప్పడం లేదు. చిన్నదాని ఖర్చు చూసి వెనుకాడితే పెద్దదాని ఖర్చు పడుతుందని, కంటికి కనిపించని ఒత్తిడిని గేజితో చూడాలని మాత్రమే చెబుతున్నాము.

బిగించేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. రాగి వాషర్లు కొత్తవి వేయించండి. ప్యాకింగు మందం పాతదానికి సమానంగా వుండాలి. మందం పెరిగితే ప్లంజరు పూర్తిగా కదలదు. డయాఫ్రం రకంలో లివరు షాఫ్టు పల్లం మీద కూర్చున్నప్పుడు బిగించాలి, లేకపోతే లివరు విరుగుతుంది. నట్లు ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా బిగించాలి. పంపులో శుభ్రమయిన డీజిల్ పోసి, గాలి తీసి, తరువాతనే స్టార్టు చేయాలి. పాత పంపును నాలుగు ట్రిప్పులు అయ్యేదాకా ఇంట్లో పెట్టుకోండి.

కొత్త లారీల సంగతి వేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 బండ్లు వచ్చాయి. యీ కాలపు కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి 1,600 బార్ కూడా దాటుతుంది. చాలావాటిలో చిన్న పంపు పళ్ళ చక్రాల రకం, పెద్ద పంపు వీపుకే అంటుకొని వుంటుంది. వాటిని రోడ్డు పక్కన విప్పవద్దు. నడుస్తున్న ఇంజనులో ఆ పైపులు వదులు చేయడం ప్రాణాపాయం. డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అట్లా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఇంకొక మాట. ఏ కాలపు పంపు అయినా డీజిల్‌లోని జిడ్డుతోనే బతుకుతుంది. కిరసనాయిలు కలిపిన డీజిల్ చవకగా దొరికిందని పోయిస్తే పంపును మన చేతులతో మనమే అరగదీసినట్లు.

చివరగా బిల్లు గురించి. నకిలీ పేరుతో సామాను అమ్మడం 1999 ట్రేడ్ మార్కుల చట్టం కింద నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల దాకా జరిమానా వున్నది. లారీ వ్యాపారం కాబట్టి మనకు వినియోగదారుల చట్టం వర్తించదు అని కొందరు భయపెడతారు. 2019 చట్టంలోనే స్పష్టంగా వున్నది. స్వయం ఉపాధితో, కేవలం తన బతుకుతెరువు కోసం కొని వాడుకొనేవాడు వినియోగదారుడే. తన లారీని తానే నడుపుకొని బతికే మనిషి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, జిల్లా కమిషన్‌కు పోవచ్చు. అయితే చేతిలో బిల్లు లేకపోతే ఏమని పోతాడు? కాబట్టి పంపు నంబరు రాసిన బిల్లు అడగండి. నాలుగు రూపాయలు తగ్గుతుందని బిల్లు వదులుకోవద్దు.

స్పేర్ పార్టుల అంగడి పెట్టుకున్న మన సోదరులకు ఒక విన్నపం. యిది కంపెనీది, యిది వేరే కంపెనీది, యిది కిట్టు వేసినది అని ముందే చెప్పి అమ్మండి. తెలిసి కొన్నవాడు మళ్ళీ మీ అంగడికే వస్తాడు. మెకానిక్ సోదరులు కూడా, విప్పిన పాత సామాను ఓనరు చేతిలో పెట్టి, ఎక్కడ పోయిందో వేలితో చూపించండి. ఓనర్లు గేజి చూడకుండా డ్రైవరు మీద నింద వేయవద్దు. ఒకటే లారీ మీద బతికే మనం ఒకరినొకరు అనుమానించుకుంటూ వుంటే, ఏ సంఘమూ మనల్ని కలపలేదు.

మా తరఫున ఒక సూచన. ఒత్తిడి చూసే గేజి, పైపు లాగే బలం చూసే వాక్యూమ్ గేజి పెద్ద ఖరీదయిన వస్తువులు కావు. మన మూడు ఊళ్ళకు మూడు జతలు సంఘం కొని, ఒక్కొక్క ఊళ్ళో నమ్మకమయిన ఒక షెడ్డులో పెట్టాలి. ఎవరి లారీకి జబ్బు వచ్చినా, పంపు కొనేముందు ఉచితంగా చూసి, అంకె ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. ఆ చీటీ ఓనరు, డ్రైవరు, మెకానిక్, అంగడివాడు నలుగురూ చూస్తే తగువు వుండదు. కార్యవర్గం వారు యీ మాటను వచ్చే సమావేశంలో పెట్టవలసిందిగా కోరుతున్నాము. వాటిని వాడే పద్ధతి నేర్పడానికి మేము సిద్ధంగా వున్నాము.